ఆ గొంతు ఎవరిది?

'గోదారి గట్టు' పాట మీ క్లాసు పిల్లలకు నోటికి వచ్చే ఉంటుంది. పాడిందెవరని అడగండి, చెప్పలేరు. రమణ గోగుల గారు.

1954లో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ నల్లజాతివారి బ్లూస్ పాటను తన ఊపుతో పాడాడు. ఆ రాక్ అండ్ రోల్ గాలి మన సినిమాకూ ఎప్పుడో తగిలింది గానీ, మా తరానికి గిటార్ మోత అంటే 1999లో వచ్చిన 'తమ్ముడు'. అందులో గోగుల గారు ఒక పాట మొత్తం ఇంగ్లీషులోనే పాడారు. మాకు ముక్క అర్థం కాలేదు, అయినా క్యాసెట్ అరగదీశాం. మరుసటి ఏడాది 'బద్రి'. గరుకు గొంతు ఆయనది. ఘంటసాల గారి తూకంతో తూచకండి. తెలుగంటే తాతయ్యల భాష అనుకునే పిల్లాడికి ఆ గరుకే కావాలి.

చాలా ఏళ్ల విరామం తర్వాత, 2025 సంక్రాంతి సినిమా కోసం మధుప్రియతో కలిసి పాడారు. ఈసారి జానపదపు బాణీ.

శుక్రవారం క్లాసులో పాతదీ కొత్తదీ వెంటవెంటనే వినిపించండి, గొంతు పోల్చుకోనివ్వండి. తర్వాత 'గట్టు' అంటే ఏంటో అడగండి. కువైట్‌లో ఏరన్నదే లేదు కదా! మా క్లాసులో ఒక పాప 'కార్నిష్' అంది.