పరిశోధన ప్రతిపాదనలో భాగస్వాములు: కావలి లక్ష్మయ్యగారి అనుభవము

తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న మనవారి చరిత్రను సమగ్రముగా వ్రాయింపవలెనను కోరిక మన సంఘములలో చిరకాలముగా ఉన్నది. ఆలయములందలి శాసనములు, పాత దస్తావేజులు, అటకలమీద మూలుగుచున్న తాళపత్రములు ఇందుకు ఆధారములు. వీనిని సేకరించి పరిశీలించుటకు ధనము కావలెను. ధనసహాయము కోరుచు పరిశోధన మండలులకు పంపు ప్రతిపాదనను ఒక్క సంఘము తనంత తాను సిద్ధము చేయుట కష్టము. విశ్వవిద్యాలయమునో గ్రంథాలయమునో తోడు చేసికొనక తప్పదు. ఆ తోడు ఎట్లుండవలెనో, ఎట్లుండరాదో దాదాపు రెండు వందల ఏండ్ల క్రిందటి ఒక తెలుగు పండితుని అనుభవము మనకు తెలుపుచున్నది.

కర్నల్ కాలిన్ మెకంజీ పేరు చరిత్ర చదివినవారందరు ఎరిగినదే. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిదప ఆయన మైసూరు దేశమును సర్వే చేయుచు, కైఫీయతులను, శాసనములను సేకరింప మొదలిడెను. ఆ పనికి కన్నులును చెవులును అయినవారు ఏలూరువారైన కావలి సోదరులు. అన్న వెంకట బొర్రయ్య పాత కన్నడ శాసనములను చదివి, 1803లో ముప్పది యేండ్లయినను నిండకుండనే కీర్తిశేషుడయ్యెను. తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ స్థానమున నిలిచి, తెలుగు, తమిళ, కన్నడ, మహారాష్ట్ర భాషలు తెలిసిన పండితులను ఊరూరికి పంపి పనిని నడిపెను. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికను బట్టి ఆ సేకరణలో 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు కలవు.

1821లో మెకంజీ మరణించెను. ఆరంభించిన పనిని తానే కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును వేడుకొనెను. మదరాసునకు తిరిగివచ్చి 1830వ దశకమున అచటి హిందూ సాహిత్య సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. మదరాసు లిటరరీ సొసైటీ ఆయన ప్రతిపాదనను బలపరచినది. ప్రభుత్వము దానిని అభిప్రాయార్థము కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి పంపెను. 1836లో ఆ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్, ఇట్టి పరిశోధనకు లక్ష్మయ్యయే కాదు, ఈ దేశీయుడెవ్వడును చాలడను భావముతో ప్రతికూలముగా వ్రాసెను. ఆ వ్రాతప్రతుల పరిశీలన మదరాసులోని విలియం టేలర్ అను క్రైస్తవ మతాచార్యునికి అప్పగింపబడెను. ప్రిన్సెప్ అల్పుడు కాడు. మరుసటి యేడు బ్రాహ్మీలిపి రహస్యమును విప్పిన మహామేధావి ఆయనయే. అట్టివాడును సహాయకుని యందు పరిశోధకుని చూడలేకపోయెను.

ఇందలి దోషము ఆనాటి పాలకుల జాత్యహంకారమని చెప్పి ఊరకుండవచ్చును. అది నిజమే. కాని వేరొక సత్యమును కలదు. ఏండ్ల తరబడి లక్ష్మయ్య చేసిన పని మెకంజీ పేరనే నడచినది. ప్రభువు గతించిన నాడు, "ఇది నా పని" యని చూపుటకు ఆయన చేతిలో అధికారపత్రము లేదు. ఆయనకు తోడైన సంస్థ మదరాసున నున్నది. తీర్పు చెప్పిన సంస్థ కలకత్తాలో నున్నది. సిఫారసు వేరు, భాగస్వామ్యము వేరు.

ఈ మాట నాకు స్వానుభవమున తెలిసివచ్చినది. కొన్నేండ్ల క్రిందట మా ఊరి తెలుగు సంఘము ఒక విద్యాసంస్థతో కలిసి ఇట్టి ప్రతిపాదన సిద్ధము చేసినది. మా పాఠశాల ఉపాధ్యాయులము ఇల్లిల్లు తిరిగి పాత పత్రముల జాబితా వ్రాసి ఇచ్చితిమి. గడువు రెండు దినములున్నదనగా తుది ప్రతి మా చేతికి వచ్చినది. పరిశోధకుల పట్టికలో మా పేర్లు లేవు; "స్థానిక సహాయకులు" అను రెండు మాటలు మాత్రము ఉన్నవి. తప్పంతయు వారిదే యనజాలను. మేము మొదటి దినముననే అడుగవలసినది, మొగమాటముచే అడుగలేదు.

కావున సంఘ సభ్యులకు నా మనవి యిది. ప్రతిపాదన వ్రాయకముందే భాగస్వాములందరు ఒకచోట కూర్చుండవలెను. పరిశోధన ప్రశ్న యేదో అందరును కలిసి నిర్ణయింపవలెను. ఎవరు ఏ పని చేయుదురో, ఎవరికెంత ధనము చెందునో, సేకరించిన వానికి నకళ్లు ఎచట నుండునో, గ్రంథముపై ఎవరి పేర్లుండునో కాగితముపై వ్రాసి సంతకములు చేసికొనవలెను. తుది ప్రతి ప్రతి భాగస్వామికిని చదువుటకు తగినంత ముందుగా అందవలెను. విశ్వవిద్యాలయము వారికి శాస్త్రపద్ధతి తెలియును; పాత తెలుగు చేవ్రాత చదువుట, ఏ యింటి తలుపు తట్టవలెనో ఎరుగుట మనకు తెలియును. రెండును సమానమైన పెట్టుబడులే.

మెకంజీ సేకరణలో గొప్ప భాగము నేడు చెన్నపట్టణమున ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున నున్నది. దానిని చూచువారు మెకంజీ పేరు తలతురు. లక్ష్మయ్య పేరు తలచువారు అరుదు. మనము వ్రాయింపబోవు చరిత్రకును అట్టి గతి పట్టకుండుటకు మొదటి కాగితముననే జాగ్రత్త పడుదము.