బంతికి బురద అంటితే గోల్ఫ్‌లో నియమమేమిటి?

వానాకాలంలో తెనాలి, రేపల్లె పరిసరాల నల్లమట్టి మైదానాలలో క్రికెట్ ఆడినవారికి బురద అంటిన బంతి కొత్త కాదు. క్రికెట్‌లో అంపైరు కళ్లెదుట ఆ బురదను తొలగించవచ్చు. ఆయన అనుమతించిన తువ్వాలుతో తడి బంతిని తుడుచుకోవచ్చు. టీవీలో గోల్ఫ్ చూసే మనవారికి వింతగా తోచేది ఇక్కడే. అందులో ఈ వెసులుబాటు అన్నిచోట్లా లేదు.

గడ్డిని కురచగా కత్తిరించిన బాటను ఫెయిర్‌వే అంటారు. అక్కడ ఆగిన బంతిని నియమాలు అనుమతించని సందర్భంలో చేత్తో ఎత్తితే ఒక స్ట్రోకు జరిమానా. బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే, బురదతో సహా కొట్టాలన్నది ఆట మూలసూత్రం. రంధ్రం చుట్టూ ఉండే నున్నని గ్రీన్‌పై మాత్రం బంతి వెనుక నాణెం వంటి గుర్తు పెట్టి, ఎత్తి తుడుచుకోవచ్చు. గుర్తు పెట్టడం మరిస్తే అక్కడా ఒక స్ట్రోకు పోతుంది.

ఒకవైపు బురద అంటిన బంతి గాలిలో ఎటు మళ్లుతుందో మేటి ఆటగాళ్లు సైతం చెప్పలేరు. అందువల్ల భారీ వర్షాల తరువాత టోర్నీ కమిటీలు 'ప్రిఫర్డ్ లైస్' అనే స్థానిక నియమాన్ని ప్రకటిస్తుంటాయి. దాని ప్రకారం ఫెయిర్‌వేపై బంతిని తుడిచి, నిర్దేశించిన దూరం లోపల, రంధ్రానికి మరింత చేరువ కాకుండా ఒక్కసారి పెట్టుకోవచ్చు. కమిటీ ప్రకటించకుంటే ఈ సౌలభ్యం లేదు. 2016 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి రౌండ్‌లో దీనిని అమలు చేశారు. 2025 మే నెలలో క్వేల్ హాలోలో జరిగిన అదే టోర్నీ తొలిరోజున, నేల తడిగా ఉన్నా అమలు చేయలేదు. స్కాటీ షెఫ్లర్, జాండర్ షాఫెలె కొట్టిన బురద బంతులు 16వ హోల్‌లో నీటిపాలయ్యాయి. షెఫ్లర్ ఈ నిర్ణయాన్ని తప్పుపట్టారు, అయినా టైటిల్ ఆయనకే దక్కింది.

వాననీరు నిలిచిన చోటు సంగతి వేరు. నిలబడినప్పుడు పాదాల చుట్టూ నీరు కనిపిస్తే, జరిమానా లేకుండా సమీపంలోని పొడినేలపై మోకాలి ఎత్తు నుంచి బంతిని జారవిడవవచ్చు. నేల మెత్తగా, చిత్తడిగా ఉన్నంత మాత్రాన చాలదు, ఉదయపు మంచు కూడా లెక్కకు రాదు. తన వేగానికే నేలలో కూరుకుపోయిన బంతికీ ఉచిత ఉపశమనం ఉంది. 2019 జనవరి 1న వచ్చిన నియమావళి దీనిని ఫెయిర్‌వే వెలుపలి గడ్డికీ వర్తింపజేసింది.

బాపట్ల వద్ద సూర్యలంక ఇసుకలో వాననీరు ఎంత త్వరగా ఇంకుతుందో అందరూ చూసిందే. స్కాట్లాండ్ సముద్రతీర మైదానాలలో బురద బెడద తక్కువగా ఉండటానికీ అదే కారణం. అయితే మైదానంలోని ఇసుక గుంట, అంటే బంకర్, నియమాలు మరీ కఠినం. అందులో నీరు నిలిస్తే బంతిని ఆ గుంటలోనే ఉచితంగా వేసుకోవాలి. బయట వేయాలంటే ఒక స్ట్రోకు చెల్లించాలి. కొట్టేందుకు కర్రను వెనక్కి లాగేటప్పుడు ఇసుకను తాకినా రెండు స్ట్రోకుల జరిమానా.

తెలుగు మూలాలున్న అమెరికన్ ఆటగాడు సాహిత్ తీగలకు ఈ చివరి నియమమే ఎదురైంది. 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో కర్ర ఇసుకను తాకిందని ఆయనే స్వయంగా అధికారులకు తెలిపి జరిమానా వేయించుకున్నారు. టోర్నీ ముగిసేసరికి రెండో స్థానానికి సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో మూడో స్థానంలో నిలిచారు. రెండో స్థానానికి బహుమతి 1.25 కోట్ల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు.