ఎంబీఏ హెచ్‌ఆర్: పుస్తకంలో ఏముంది, పనిలో ఏముంటుంది

సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు మీద వచ్చింది. 1967లో మొదలైన ఈసీఐఎల్‌ను నిలబెట్టింది ఆయనే. పక్కనే కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామికవాడలు. పీఎఫ్, యూనియన్, ప్రమోషన్ లాంటి మాటలు ఇక్కడి ఇళ్లకు కొత్తేం కాదు. వాటినే చదువుగా నేర్పేది ఎంబీఏలో మానవ వనరుల నిర్వహణ, అంటే హెచ్‌ఆర్. సాధారణంగా మొదటి ఏడాది అందరికీ ఒకటే సిలబస్, స్పెషలైజేషన్ రెండో ఏడాదిలో వస్తుంది.

హెచ్‌ఆర్ అంటే ఇంటర్వ్యూలు చేసే ఉద్యోగమే అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అది ఒక ముక్క మాత్రమే. మన దేశంలో ఈ వృత్తికి బలం చట్టం నుంచి వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 29 పాత చట్టాల స్థానంలోకి వచ్చాయి, సంక్షేమ అధికారి పరిమితి 250కి దిగింది. కాబట్టి కోఠీలో సెకండ్‌హ్యాండ్ గైడ్ కొనేటప్పుడు అది ఏ ఏడాదిదో చూసుకోవాలి.

థియరీలో మేయో హాథార్న్ ప్రయోగాలు, మాస్లో అవసరాల నిచ్చెన, హెర్జ్‌బర్గ్ తప్పవు. అన్నీ అమెరికా కథలే అని విసుగొస్తే, కాకినాడ ఉంది. 1964లో డేవిడ్ మెక్‌క్లెలాండ్, హైదరాబాద్‌లోని సియెట్ సంస్థతో (ఇప్పుడు యూసుఫ్‌గూడలోని ఎన్ఐ-ఎంఎస్ఎంఈ) కలిసి అక్కడి చిన్న వ్యాపారులకు శిక్షణ ఇప్పించారు. సాధించాలన్న తపనను పెద్దయ్యాక కూడా నేర్పవచ్చా అన్నది ప్రశ్న. నేర్పవచ్చని, సంప్రదాయ నమ్మకాలు దానికి అడ్డు కావని ఆయన తేల్చారు. వేషధారణ చూసి మనిషిని అంచనా వేసే ఇంటర్వ్యూ బోర్డులు దీన్ని ఇంకోసారి చదివితే బాగుండు.

పనిలోకి దిగితే లెక్కలే ఎక్కువ. నెల వేతనం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్ఐ: ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. గ్రాట్యుటీకి చివరి వేతనాన్ని 15తో, పనిచేసిన ఏళ్లతో గుణించి 26తో భాగించాలి. 26,000 వేతనంతో పదేళ్లు చేస్తే 1,50,000. పది మంది, అంతకు మించి ఉన్న చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి. బీకాం పిల్లలకు ఈ లెక్కలు త్వరగా పట్టుబడతాయి.

ప్రవేశం టీజీ ఐసెట్ ద్వారా. డిగ్రీలో 50 శాతం మార్కులు కావాలి, రిజర్వేషన్ ఉన్నవారికి 45. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. పేపర్‌ను ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనో ఉర్దూలోనో తీసుకోవచ్చు, కమ్యూనికేషన్ భాగం మాత్రం ఇంగ్లిష్‌లోనే. ఉర్దూ మీడియం కావాలంటే గచ్చిబౌలి మౌలానా ఆజాద్ యూనివర్సిటీలో ఎంబీఏ ఉంది.

అసలు తలనొప్పి ఫీజు. మైనారిటీ రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయం నగరంలో 2 లక్షలు, గ్రామాల్లో 1.5 లక్షలు దాటకూడదు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అది రాదు. ప్రభుత్వ బకాయిలు ఆలస్యమైతే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుందా అన్నది చేరకముందే అడిగి తెలుసుకోవాలి. హెచ్‌ఆర్ తీసుకునేవాళ్లు తక్కువుంటే ఆ స్పెషలైజేషన్ నడుపుతారా లేదా అన్నది కూడా.