గగన్ మహల్‌లో ఎవరుండేవారు?

ధర్మవరం నుంచి హిందూపురం పోయే రైలుదారిలో పెనుకొండ ఉంది. సంస్కృతంలో దీన్నే ఘనగిరి అన్నారు. 1565లో దక్కన్ సుల్తానుల చేతిలో ఓటమి తర్వాత విజయనగర పాలకుడు తిరుమలరాయలు ఆ నగరం వదిలి రాజధానిని ఇక్కడికే మార్చాడు. ఇక్కడి గగన్ మహల్‌ను కొందరు రాణివాసం అంటారు, కొందరు వేసవి విడిది అంటారు. కట్టడం ఈ మాటలను ఎంతవరకు బలపరుస్తుంది?

రెండంతస్తుల మేడ. గోడల్లో సుల్తానుల ధోరణి కమానులు, పైన గుడి శిఖరాన్ని తలపించే శిఖరం. హంపిలోని లోటస్ మహల్‌లోనూ ఇదే కలయిక. వాస్తు చరిత్రకారుడు జార్జ్ మిషెల్ 1992లో వెలువరించిన గ్రంథంలో ఈ మిశ్రమ శైలిని విజయనగర రాజాస్థానపు శైలిగానే పరిశీలించాడు. కాబట్టి ఇది రాచకట్టడం అనడానికి ఇబ్బంది లేదు. అంతమాత్రాన ఇక్కడ కాపురం చేశారని చెప్పలేం. కట్టించినవారి అభిరుచిని కమాను చెబుతుంది. కాపురం ఉందనడానికి పొయ్యి మసి, నీటి తూము, వంటకుండల పెంకులు కావాలి.

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట సంగతి వేరు. అది నేటికీ కామినేని వంశీకులదే. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. ఇంటివారు ఉండబట్టే కోట నిలిచిందని తేల్చేయకూడదు. వారసులెవరూ లేకున్నా చంద్రగిరి రాజమహల్ పురావస్తు శాఖ సంరక్షణలో మ్యూజియంగా నిలబడింది. గోడలను ప్రభుత్వమూ కాపాడగలదు. ఏ గదిలో ఏం జరిగేదో చెప్పగలిగేది మాత్రం ఇంటివారే.

ఇంటివారి జ్ఞాపకాన్నీ పరీక్షించాలి. ఒక గది వంటిల్లని ఆ ఇంటి అవ్వ చెప్పిందనుకుందాం. గోడమీద చిన్న చదరం గీసి సున్నం పొరలను ఒక్కొక్కటిగా తీస్తే, ఏళ్ల తరబడి వేసిన వెల్ల కింద మసి బయటపడవచ్చు. అప్పుడు అవ్వ మాట ఆధారమవుతుంది. పాత గారను గీకేసి సిమెంటు పూసిన గోడలో ఆ అవకాశం ఉండదు.

గగన్ మహల్‌ను ‘రాచకట్టడం’ అనడమే ప్రస్తుతానికి సరైన మాట. ‘రాణివాసం’ అనడానికి గోడల సాక్ష్యం చాలదు. హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల పాత మిద్దెలున్నవారికి ఒక మనవి: మరమ్మతుకు ముందు ప్రతి గదినీ ఫొటో తీయండి, దాని పేరేమిటో పెద్దవాళ్లనడిగి తేదీ వేసి రాసిపెట్టండి.