నాసిరకం తూటాలు, గొట్టంలో ఇరుక్కునే గుండ్లు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంత చరిత్ర

పేల్చిన గుండు బయటికి రాకుండా తుపాకి గొట్టంలోనే ఆగిపోవడం, మందు పేలకపోవడం, ఆలస్యంగా పేలడం, గొట్టం పట్టనంత బలంగా పేలడం అనేవి మందుగుండు లోపాల వల్ల జరిగే ప్రధాన ప్రమాదాలు. వీటిలో ముందుగా గాయపడేది తుపాకి పట్టుకున్న మనిషే. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో నాటు తుపాకి, సాయుధ పోరాటం, పోలీసు రైఫిల్, బొగ్గు గని ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆయుధం మారినప్పుడల్లా ప్రమాదం రూపం కూడా మారింది.

ప్రమాదం జరిగే తీరు

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు (ఖోకా), అడుగున నిప్పు పుట్టించే క్యాప్, లోపల మందు, కొసన గుండు. క్యాప్ పేలినా లోపల మందు లేకపోతే, లేదా తడిసి ఉంటే, గుండు కొంత దూరం జరిగి గొట్టం మధ్యలో నిలిచిపోతుంది. దీన్ని ఆయుధ నిపుణులు స్క్విబ్ అంటారు. అప్పుడు ‘ఢాం’ అని మోగాల్సిన తుపాకి ‘టప్’ మని ఊరుకుంటుంది, భుజానికి తన్ను తగలదు. ఆ తేడా పట్టించుకోకుండా రెండో తూటా పేలిస్తే దాని గుండు మొదటి గుండును ఢీకొంటుంది. .303 రైఫిల్‌లో మామూలుగానే లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 40 వేల పౌండ్లు దాటుతుంది. ముందు దారి మూసుకుపోతే ఆ ఒత్తిడి గొట్టం గోడ మీద పడుతుంది. అదృష్టం బాగుంటే గొట్టం ఒకచోట ఉంగరంలా ఉబ్బి ఆగుతుంది. లేకుంటే చీలి, ఇనుప ముక్కలు పేల్చినవాడి చేతుల్లోకి, కళ్లలోకి దూసుకుపోతాయి.

ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే మిస్‌ఫైర్. కొన్ని క్షణాలు ఆగి పేలితే హ్యాంగ్‌ఫైర్. పేలలేదనుకుని తుపాకిని తన వైపు తిప్పి చూసుకునేవాడికి రెండోది ప్రాణాంతకం.

మందు కూరే తుపాకుల కాలం

పాఖాల, ఏటూరునాగారం అడవుల అంచున ఉన్న పల్లెల్లో చాలాకాలం వాడుకలో ఉన్నది భర్మార్ తుపాకి, అంటే మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి. గొట్టం నిలబెట్టి తుపాకిమందు పోస్తారు. పైన గుడ్డ పీలికో పీచో కుక్కి చువ్వతో దట్టిస్తారు. తర్వాత సీసపు గుండ్లు లేదా ఇనుప రవ్వలు వేసి, జారిపోకుండా మళ్లీ పీలిక కుక్కుతారు. ఎంత మందు పోయాలన్నది చేతి అంచనాయే, కొలత ఉండదు. మందులోని సురేకారం శుద్ధంగా లేకుంటే అది తేమ పీల్చుకుంటుంది. అందుకే వానాకాలంలో తుపాకి పేలకపోవడం మామూలే. కూరిన మందు పేలిందో లేదో గుర్తులేక పైన మరోసారి కూరితే, నాటు కొలిమిలో తయారైన గొట్టం ఆ రెండింటి బలానికి తట్టుకోలేదు.

ఈ పొరపాటు ఎంత సులువో ప్రపంచానికి తెలిసింది అమెరికా అంతర్యుద్ధంలో. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఏరిన 27,574 తుపాకుల్లో సుమారు 24 వేలు మందు కూరినవే. వాటిలో దాదాపు 12 వేల తుపాకుల్లో రెండేసి దఫాల మందుగుండు ఉంది. ఒకదానిలో 23 దఫాలు కూరి ఉన్నాయి. శిక్షణ పొందిన సిపాయిలే యుద్ధపు హోరులో తమ తుపాకి పేలలేదని గుర్తించలేకపోయారు.

సాయుధ పోరాట కాలం (1946–51)

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ (భూస్వామి) మనుషులు ఆంధ్ర మహాసభ (సంఘం) ఊరేగింపు మీద కాల్పులు జరపడంతో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. అప్పటికి జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా. ఆనాడు సంఘం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాక భర్మార్లు, శత్రువు నుంచి గుంజుకున్న రైఫిళ్లు గెరిల్లా దళాల చేతికి వచ్చాయి.

జనగామకు చేరువలోని బైరాన్‌పల్లిలో గ్రామస్తులు ఊరి బురుజునే కోటగా చేసుకుని నాటు తుపాకులతో, వడిసెలలతో నిజాం పక్షపు రజాకార్లను ఎదుర్కొన్నారు. 1948 ఆగస్టు 27న పెద్ద బలగంతో జరిగిన దాడిలో ఊరు రక్తసిక్తమైంది. ఎదుటివాడి రైఫిల్ వరుసగా పేలుతుంటే, భర్మార్ పట్టినవాడు ఒక్కసారి పేల్చి మళ్లీ గొట్టం నిలబెట్టి మందు కూరుకోవాలి. తొందరలో మందు ఎక్కువైనా, పీలిక వదులైనా ముప్పు అతనికే. ఆ రైతుల ధైర్యం గురించి చెప్పుకునేటప్పుడు, తమ చేతిలోని ఆయుధాన్నే పూర్తిగా నమ్మలేని స్థితిలో వాళ్లు పోరాడారన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం జరిపిన పోలీసు చర్య తర్వాత దళాలు పాఖాల, ములుగు, గోదావరి తీరపు అడవుల్లోకి మళ్లాయి. తూటాల కొరత, వానలు, దాచిపెట్టిన చోట చెమ్మ అడవిలో ఆయుధాలకు శత్రువులు. తడిసిన తూటా ఎప్పుడు మొరాయిస్తుందో పైకి చూసి చెప్పలేరు. 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది.

ఫ్యాక్టరీ తూటా, పోలీసు రైఫిల్

కొలత ప్రకారం మందు నింపే ఫ్యాక్టరీ తూటాలతో ఈ ప్రమాదం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. దేశంలోని పాత తూటాల కర్మాగారాల్లో ఒకటైన పుణె సమీపంలోని ఖడ్కీ ఫ్యాక్టరీ 1869లో మొదలైంది. తెలుగునాట పోలీసులు దశాబ్దాలపాటు .303 రైఫిల్ మోశారు. తర్వాత 7.62 ఎస్‌ఎల్‌ఆర్, 5.56 ఇన్సాస్ వచ్చాయి.

తూటాకూ వయసు ఉంటుంది. వేడికి మందు మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే వరంగల్ ప్రాంతంలో రేకుల కప్పు కింద ఉంచిన పెట్టెకూ, చల్లటి గదిలో ఉంచిన పెట్టెకూ చాలా తేడా వస్తుంది. అందుకే పోలీసు ఆయుధాగారం (బెల్ ఆఫ్ ఆర్మ్స్)లో పాత తూటాలను ముందుగా వాడాలి, పచ్చగా తుప్పు పట్టినవాటిని పక్కన పెట్టాలి. గొట్టం శుభ్రం చేసే పుల్‌త్రూ, దానికి చుట్టే చిందీ (గుడ్డ పీలిక) విషయంలోనూ జాగ్రత్త కావాలి. మరిచిపోయిన చిందీ ముక్క గొట్టంలో ఉంటే ఇరుక్కున్న గుండు చేసేంత కీడూ చేయగలదు. కాల్చే ముందు బోల్ట్ తీసి గొట్టంలోంచి వెలుతురు చూడాలన్న నియమం ఇందుకే పుట్టింది.

సైన్యానికి ఎదురైన సమస్య

ఈ సమస్య పోలీసులకే పరిమితం కాదు. 2014–2020 మధ్య లోపభూయిష్ఠ మందుగుండు వల్ల సుమారు 960 కోట్ల రూపాయల నష్టం జరిగిందనీ, 403 ప్రమాదాల్లో 27 మంది మరణించారనీ సైన్యం అంతర్గత నివేదిక పేర్కొన్నట్లు 2020లో పత్రికలు రాశాయి. నిల్వ చేసిన తీరు, ఆయుధాల నిర్వహణ కూడా కారణాలేనని మందుగుండు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు వాదించింది. 2021 అక్టోబర్ 1న బోర్డు స్థానంలో ఏడు ప్రభుత్వ కంపెనీలు వచ్చాయి. మందుగుండు తయారీ మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు దక్కింది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్ నుంచి నాసిక్ దగ్గరి దేవ్‌లాలీకి శిక్షణకు వెళ్లిన ఇద్దరు అగ్నివీరులు ఫిరంగి గుండు పేలి చనిపోయారు.

భూపాలపల్లి గనుల్లో పేలని మందు

భూపాలపల్లిలోని కాకతీయ ఖని (కేటీకే) భూగర్భ గనుల్లో ఇదే ప్రమాదం మరో రూపంలో కనిపిస్తుంది. బొగ్గులో రంధ్రం చేసి మందు నింపి పేలుస్తారు. ఒక రంధ్రంలో మందు పేలకపోతే అది బొగ్గులో దాగిన మృత్యువు. దాన్ని గునపంతో తవ్వకూడదు, బయటికి లాగకూడదు. గని నిబంధనల ప్రకారం నిర్ణీత సమయం ఆగాక, కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో సమాంతరంగా మరో రంధ్రం చేసి పేల్చాలి. తుపాకి చరిత్ర నేర్పిన పాఠమే గనికీ వర్తిస్తుంది: పేలనిదాన్ని పేలినదానికంటే ఎక్కువ అనుమానించాలి.

చట్టం, జాగ్రత్తలు

ఆయుధాల చట్టం (1959) ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి, తూటాలు ఉంచుకోవడం, తయారు చేయడం నేరం. 2019 సవరణ ఒకరు ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించి, శిక్షలు పెంచింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) వేటను నిషేధించింది. అయినా అడవి పల్లెల్లో నాటు తుపాకులు పూర్తిగా కనుమరుగు కాలేదు.

లైసెన్సు ఉన్నవారు పాటించాల్సిన నియమాలు కొన్నే. శబ్దంలో, తన్నులో ఏ తేడా వచ్చినా కాల్పులు ఆపాలి. తూటా పేలకపోతే మూతిని సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. తర్వాత తూటా తీసి, గొట్టం ఖాళీగా ఉందని చూసుకోవాలి. ఇరుక్కున్న గుండును మరో తూటాతో తోసేయాలని చూడకుండా ఆయుధాలు బాగుచేసే నిపుణుడికి (ఆర్మరర్) అప్పగించాలి. తూటాలు సొంతంగా నింపకూడదు. తాత తండ్రుల నాటి తుపాకి అటక మీద దొరికినా, పొలంలోనో అడవిలోనో పాత తూటా కనిపించినా ముట్టుకోకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు చెప్పండి.