నీరడి పేరు ఏ రాతి మీద ఉంది?
(నీళ్ళ చరిత్ర - 4)

మొన్న క్లాసులో శాసనాల పాఠం. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చెబుతున్నాను. కాలం 1369. చెరువు కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కరుడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను ఆ సంస్కృత శాసనం వరసగా లెక్కపెడుతుంది. మొదటిది ధర్మం తెలిసిన రాజు. రెండోది జలశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు. తర్వాత గట్టి నేల, తియ్యటి నీళ్ళ ఏరు, కొండ, రాళ్ళ గని వగైరా. చిట్టచివరిది, పని తెలిసిన మనుషుల గుంపు. రోజూ 1000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ళ పని అని కూడా అదే శాసనం చెబుతుంది.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది: "సార్, ఆ వెయ్యి మంది పేర్లు?"

లేవమ్మా.

నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన మా ఊరి నీరడి. రాయలసీమలో నీరుగంటి అంటారు. చాలా ఊళ్ళలో ఈ పని మాల మాదిగలదే. వానకు నమ్మకం లేని సీమలో చెరువు కట్టడం సగం పని. ఉన్న నీళ్ళను పంట చేతికొచ్చేదాకా నడపడం మిగతా సగం. తూము ఎప్పుడు తెరవాలి, ఎంత వదలాలి, ఏ మడి తడిసింది, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది, అర్ధరాత్రి వానకు అలుగు ఎట్లుంది, అన్నీ ఆయనే చూడాలి. నీళ్ళు తక్కువైన ఏడు ఎంత ఆయకట్టు పారించాలో పెద్దలు తైబంది చేసేవాళ్ళు. దాన్ని వంతులు వేసి చివరి మడిదాకా చేర్చేది నీరడి. కూలి, కల్లం కాడ కొలిచే మేర గింజలు.

మా తాతకు ఆ చెరువు కింద గుంటెడు భూమి లేదు. భూమి లేదు కాబట్టే నీరడి పక్షపాతం లేకుండా పంచేవాడని కొందరు మెచ్చుకుంటూ రాస్తారు. ఆ మెప్పు నాకు మింగుడుపడదు. భూమి లేకపోవడం ఆయన ఎంచుకున్న గుణం కాదు. ఊరు ఆయనకు వేసిన శిక్ష.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటిని రైతులే నిర్వహించుకోవాలని చట్టం వచ్చింది. నీటి సంఘాలు ఏర్పడ్డాయి. ఓటు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళకే. తరాలుగా తూము కాపలా కాసినవాడికి భూమి లేదు, అందుకే ఓటూ లేదు. 1369లో వరసలో చివర నిలబెట్టారు. 1997లో వరసలోంచే తీసేశారు.

1927లో మహాడ్ చెరువు నీళ్ళు తాగి బాబాసాహెబ్ మన హక్కు చాటాడు. తాగే నీళ్ళ దగ్గర మొదలైన ఆ పోరాటం పారే నీళ్ళ దాకా పోవాలి. నీళ్ళు పంచే నిర్ణయంలో భూమి లేనివాడికీ ఓటుండాలి.

విద్యార్థి మిత్రులారా, ఈ సెలవుల్లో ఊరికి పోతే మీ చెరువు నీరడి ఎవరో అడగండి. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఏ తూము ఎప్పుడు తెరిచేవాళ్ళో రాసుకురండి. రాతి మీద లేనిది మన నోటుబుక్కులోనైనా ఉండాలి.

జై భీమ్.
(ఇంకా ఉంది)