టైపుమిషను నుంచి యాంత్రిక కీబోర్డు దాకా: మీట స్పర్శ, ధ్వనుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

టైపుమిషను కాలంలో మీట చప్పుడు, వేలికి తగిలే ఎదురుబలం రెండూ అచ్చు పనిలోంచే పుట్టాయి. విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్ ప్రవేశించాక ఆ పని మీట నుంచి తొలగిపోయింది. అప్పటి నుంచి స్పర్శను, ధ్వనిని ప్రత్యేకంగా నిర్మించవలసి వచ్చింది. ఐబీఎం సెలెక్ట్రిక్ (1961) నుంచి మోడల్ ఎమ్ (1985) వరకు, చెర్రీ ఎమ్మెక్స్ స్విచ్ నుంచి నేటి అభిరుచి కీబోర్డుల వరకు నిర్మాణంలో వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మీట స్పర్శ ఎలా ఉండాలన్న నిర్ణయం యంత్ర ధర్మాలతో పాటు ధర, కార్యాలయ నియమాలు, కొనుగోలుదారు ఎవరన్న ప్రశ్నల మీద కూడా ఆధారపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టైపుమిషను, యాంత్రిక కీబోర్డు, బక్లింగ్ స్ప్రింగు, చెర్రీ ఎమ్మెక్స్, రబ్బరు డోమ్, ఇన్‌స్క్రిప్ట్, శ్రమ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

రచనా సాధనాల చరిత్రలో గంటం, కలం, అచ్చుయంత్రం గురించి విస్తృతమైన చర్చ జరిగింది. గత నూట యాభై ఏళ్లుగా కార్యాలయ రచనకు ఆధారమైన మీటల వరుస గురించిన చర్చ మాత్రం ఎక్కువగా అక్షరాల అమరిక చుట్టూనే తిరిగింది. ఏ అక్షరం ఏ మీట మీద ఉండాలన్నది ఒక ప్రశ్న. ఆ మీట కింద ఏముంది, నొక్కినప్పుడు వేలికి ఏం తెలుస్తుంది, చెవికి ఏం వినిపిస్తుంది అన్నది వేరొక ప్రశ్న. రోజుకు వేలసార్లు మీటలు నొక్కే ఉద్యోగికి ఈ రెండవ ప్రశ్నే ముఖ్యం. ఈ వ్యాసం దానికే పరిమితమవుతుంది.

2. అచ్చు పని చేసిన మీట

క్రిస్టఫర్ లేథమ్ షోల్స్, కార్లోస్ గ్లిడెన్ రూపొందించిన టైపుమిషనును రెమింగ్టన్ సంస్థ 1874లో అమెరికా విపణిలోకి తెచ్చింది. అందులోనూ, తరువాత వచ్చిన చేతి టైపుమిషనులన్నిటిలోనూ వేలి బలమే అక్షరాన్ని అచ్చు వేసేది. మీట నొక్కగానే తులాదండాల వరుస కదిలి, అక్షరం చెక్కిన కడ్డీ పైకి లేచి, సిరా రిబ్బను మీదుగా కాగితాన్ని కొట్టేది. వెంటనే క్యారేజి ఒక అక్షరం మేర జరిగేది. ‘టకటక’ అని తెలుగులో స్థిరపడిన చప్పుడు ఈ దెబ్బదే. పంక్తి చివరికి చేరుకున్నప్పుడు మోగే గంట కూడా క్యారేజి కదలికతో ముడిపడినదే.

ఈ యంత్రంలో స్పర్శకు కాగితమే సాక్ష్యం. చిటికెనవేలు బలహీనంగా పడితే ఆ అక్షరం పలచగా అచ్చయ్యేది. దెబ్బ ఎక్కువైతే విరామచిహ్నం కాగితాన్ని చిల్లు పొడిచేది. రెండు మీటలు ఒకేసారి నొక్కితే కడ్డీలు చిక్కుకునేవి. అందుకే టైపు శిక్షణలో వేగంతో పాటు సమబలానికీ, లయకూ ప్రాధాన్యం ఉండేది.

చప్పుడు సమస్యగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పదుల సంఖ్యలో యంత్రాలు ఒకే గదిలో పనిచేసే కార్యాలయాల కోసం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే ‘నాయిస్‌లెస్’ టైపుమిషనులు వచ్చాయి. వీటిలో కడ్డీ కాగితాన్ని విసురుగా కొట్టదు. చివరి దశలో వేగం తగ్గించుకుని రిబ్బనును కాగితానికి అదిమిపెడుతుంది. చప్పుడును తగ్గించడానికి కడ్డీ కదలికనే మార్చవలసి రావడం గమనార్హం. ఈ దశలో ధ్వని, స్పర్శ, పని అనే మూడూ విడదీయరానివి.

3. పని తప్పిన మీట

ఐబీఎం సంస్థ 1961 జులై 31న విడుదల చేసిన సెలెక్ట్రిక్ విద్యుత్ టైపుమిషనులో అక్షరపు కడ్డీలు లేవు. 88 అక్షరాలు చెక్కిన బంతి ఒకటి తిరిగి, వంగి, కాగితాన్ని తాకేది. బలమంతా మోటారుదే. వేలు కేవలం ఒక గొళ్లాన్ని విడిపించేది. మీటల వ్యవస్థలో ఉక్కు గుండ్లతో నిండిన గొట్టం ఒకటి ఉండేది. ఒకసారి ఒక్క మీట పలకకు మాత్రమే చోటు దొరికేంత ఖాళీ ఆ గుండ్ల మధ్య ఉండేది. దీనివల్ల రెండు మీటలు ఒకేసారి పనిచేసేవి కావు. ఎంత బలంగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా అక్షరం ఒకే నలుపుతో పడేది. దాంతో కాగితం వేలి బలానికి సాక్ష్యంగా ఉండడం మానేసింది.

కంప్యూటర్ టెర్మినళ్లు వచ్చాక బంతి కూడా పోయింది. మీట ఇప్పుడు విద్యుత్ సంకేతాన్ని పంపితే చాలు. అయితే సెలెక్ట్రిక్‌కు అలవాటుపడిన ఉద్యోగులు అదే పట్టు కోరుకుంటారన్నది ఐబీఎం ఇంజనీర్ల ముందున్న అవసరం. 1970లలో ఆ సంస్థ టెర్మినళ్లకు వాడిన బీమ్ స్ప్రింగు మీటలో వంచిన లోహపు పట్టీ ఒకటి హఠాత్తుగా అటునుంచి ఇటు తిరుగుతుంది. ఆ తిరుగుడే వేలికి తెలుస్తుంది. 3278 టెర్మినల్ కీబోర్డుల్లో మీట నొక్కినప్పుడల్లా టక్కుమనిపించడానికి ఒక సోలెనాయిడ్‌ను ప్రత్యేకంగా అమర్చారు. కావాలంటే దాన్ని ఆపుకోవచ్చు కూడా. రాతకు ఏ మాత్రం అవసరం లేని చప్పుడును విడి పరికరంతో పుట్టించడం ఈ చరిత్రలో కీలకమైన మలుపు.

4. వంగే స్ప్రింగు: మోడల్ ఎఫ్, మోడల్ ఎమ్

బీమ్ స్ప్రింగు మీట ఖరీదైనది. భాగాలు ఎక్కువ. దీనికి బదులుగా ఐబీఎం ఇంజనీరు రిచర్డ్ హంటర్ హారిస్ రూపొందించిన ‘బక్లింగ్ స్ప్రింగు’కు 1978లో అమెరికా పేటెంటు లభించింది. మీట కింద నిలువుగా ఒక చుట్టల స్ప్రింగు ఉంటుంది. దాని అడుగు ఒక చిన్న ఊగుడు పలకకు ఆని ఉంటుంది. నొక్కేకొద్దీ స్ప్రింగు కుదించుకుంటూ ఎదురుబలం పెంచుతుంది. ఒక హద్దు దాటగానే నిలవలేక పక్కకు వంగిపోతుంది. ఆ క్షణంలోనే ఎదురుబలం తగ్గుతుంది, అడుగు పలక తటాలున ఊగుతుంది, స్ప్రింగు చుట్టూ ఉన్న గొట్టం గోడను తాకి చప్పుడు చేస్తుంది, విద్యుత్ సంకేతం నమోదవుతుంది. ఒకే కదలిక ఈ నాలుగింటికీ కారణం. చెవి విన్నది, వేలికి తెలిసింది, యంత్రం నమోదు చేసింది ఒకే సంఘటన కావడమే ఈ నిర్మాణపు విశిష్టత.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి జతచేసిన మోడల్ ఎఫ్ కీబోర్డు ఈ సూత్రం మీద పనిచేసింది. అందులో ఊగుడు పలక కదలికను విద్యుత్ ధారణశక్తిలో వచ్చే మార్పు ద్వారా గుర్తించేవారు. 1985లో మొదలైన మోడల్ ఎమ్‌లో అదే స్ప్రింగును ఉంచి, సర్క్యూట్ పలక స్థానంలో చవకైన ప్లాస్టిక్ మెంబ్రేన్ పొరలు పెట్టారు. స్ప్రింగు గొట్టాలున్న ప్లాస్టిక్ పలకను, వెనుక ఉక్కు పలకను ప్లాస్టిక్ రివెట్లతో బిగించారు. సుమారు రెండు కిలోల బరువుకు, బల్ల మీద జరగని స్థిరత్వానికి ఆ ఉక్కు పలకే ప్రధాన కారణం. దశాబ్దాల తరువాత రివెట్లు విరిగిన కీబోర్డుల్లో పలకల మధ్య పట్టు సడలి, చప్పుడు వదులై, స్పర్శ మందగిస్తుంది. స్ప్రింగు ఒక్కటే స్పర్శను నిర్ణయించదనీ, దాన్ని పట్టి ఉంచే చట్రం కూడా అంతే ముఖ్యమనీ ఇది రుజువు చేస్తుంది.

5. ఎత్తు నియమం, చెర్రీ స్విచ్

ఐరోపాలో మార్పు వేరొక వైపు నుంచి వచ్చింది. తెర ముందు రోజంతా కూర్చునే ఉద్యోగుల మణికట్టు, భుజాల శ్రమ మీద జరిగిన చర్చ ఫలితంగా పశ్చిమ జర్మనీ ప్రమాణాలు కీబోర్డు మధ్య వరుస ఎత్తును 30 మిల్లీమీటర్లకు పరిమితం చేశాయి. అప్పటికి వాడుకలో ఉన్న పొడవాటి స్విచ్‌లతో ఈ ఎత్తు సాధ్యం కాదు. 1980ల తొలినాళ్లలో చెర్రీ సంస్థ రూపొందించిన ఎమ్మెక్స్ స్విచ్ ఈ పరిస్థితికి తగినట్టు పొట్టిగా ఉంది. దాని మొత్తం కదలిక 4 మిల్లీమీటర్లు. సుమారు సగం దూరంలోనే సంకేతం నమోదవుతుంది.

ఎమ్మెక్స్‌లో మీటకొక విడి స్విచ్ ఉంటుంది. లోపల స్ప్రింగు, లోహపు స్పర్శరేకులు, వాటిని కదిపే ప్లాస్టిక్ కాండం ఉంటాయి. కాండం కాలు నునుపుగా ఉంటే ఎదురుబలం సమంగా పెరుగుతుంది (నలుపు, ఎరుపు రకాలు). కాలి మీద చిన్న గుబ్బ ఉంటే మధ్యలో వేలికి ఒక అడ్డు తెలుస్తుంది (గోధుమ రకం). నీలి రకంలో కాండం రెండు ముక్కలు. రేకు ఒత్తిడి దాటిన క్షణంలో కింది ముక్క విడివడి అడుగుకు తగిలి క్లిక్‌మంటుంది. బక్లింగ్ స్ప్రింగులో చప్పుడును తీసేస్తే మీటే పనిచేయదు. ఎమ్మెక్స్‌లో చప్పుడు ఒక ఐచ్ఛికాంశం. కాండం మారిస్తే అదే స్విచ్ మౌనంగా ఉంటుంది. స్పర్శను రంగు పేరుతో ఎంచుకోదగిన వస్తువుగా మార్చింది ఈ నిర్మాణమే.

6. రబ్బరు డోమ్: ధర నిర్ణయించిన స్పర్శ

1990లలో పర్సనల్ కంప్యూటర్ల ధరలు వేగంగా పడిపోయాయి. విడి స్విచ్‌లు, ఉక్కు పలకలు ఆ ధరల్లో ఇమడలేదు. మీటలన్నిటికీ కలిపి ఒకే రబ్బరు పరుపు, దాని మీద గుమ్మటాల్లాంటి ఉబ్బులు, అడుగున మెంబ్రేన్ ఉన్న నిర్మాణం సర్వసాధారణమైంది. ఇందులో గుమ్మటం మొదట ఎదిరించి కూలిపోతుంది. సంకేతం మాత్రం దాదాపు అడుగుకు చేరాకే నమోదవుతుంది. కాబట్టి వేలు ప్రతిసారీ చివరిదాకా వెళ్లి మెత్తని అడుగును తాకవలసి వస్తుంది. ధ్వని తగ్గింది, దానితోపాటు సంకేతం నమోదైన క్షణాన్ని వేలికి తెలిపే స్పష్టమైన ఆనవాలు కూడా పోయింది.

ఈ మార్పును టైపిస్టులు కోరలేదు. కీబోర్డు కంప్యూటరుతో పాటు వచ్చే ఉచిత భాగంగా మారింది. కొనేది సంస్థ, వాడేది ఉద్యోగి. ఐబీఎం కీబోర్డు తయారీ 1991లో లెక్స్‌మార్క్‌కు వెళ్లి, 1996లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో యూనికాంప్ అనే చిన్న సంస్థగా మిగిలింది. బక్లింగ్ స్ప్రింగు ప్రధాన విపణి నుంచి అంచుకు జరిగిన తీరు ఇది.

7. తెలుగు టైపు: మీటల లెక్క

తెలుగు నాట ఊరూరా ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లు, లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు చేతి టైపుమిషను క్రమశిక్షణను తరాలపాటు నేర్పాయి. కార్యాలయాల్లో తెలుగు రాత టైపుమిషను నుంచి కంప్యూటరుకు మారిన కాలం, రబ్బరు డోమ్ కీబోర్డులు రాజ్యమేలిన కాలం దాదాపు ఒకటే. సమబలంతో కొట్టడం నేర్చిన వేళ్లకు ఆ బలం అక్కరలేని, దాన్ని గుర్తించని పరికరం దక్కింది.

లిపి స్వభావం ఈ ప్రశ్నకు మరింత బరువునిస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలో చోటుచేసుకున్న ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అని ఆరు మీటలు నొక్కాలి. తెరమీద కనిపించేది ఒకటే రూపం. ఆరింటిలో ఒక పొల్లు తప్పితే వత్తు విడిపోయి పదం చెదురుతుంది. తెర చూడకుండా మూలప్రతిని చూస్తూ టైపు చేసేవారికి ప్రతి నొక్కు నమోదైనదన్న భరోసా వేలి నుంచే రావాలి. వత్తుల భాషకు స్పష్టమైన స్పర్శ విలాసం కాదనడానికి ఇది ఆధారం. అయినా కీబోర్డుల చర్చ ఇక్కడ అమరికల తగవుగానే మిగిలింది, మీట నిర్మాణం దాకా రాలేదు.

8. అభిరుచిగా తిరిగివచ్చిన స్పర్శ

జపాన్‌లో ఈఇతి వాడా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఆలోచన నుంచి 1996లో హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు వచ్చింది. గుర్రం మారినా రౌతు తన జీనును వెంట తీసుకువెళ్తాడనీ, కంప్యూటరు మారినా కీబోర్డు మనిషి వెంటే ఉండాలనీ ఆయన భావన. కీబోర్డును సంస్థ ఆస్తిగా కాక పనివాడి సొంత పనిముట్టుగా చూసిన దృష్టి ఇది.

2010ల మధ్య నాటికి ఎమ్మెక్స్ పేటెంట్ల గడువు తీరడంతో గేటరాన్, కైల్ వంటి చైనా తయారీలు వెల్లువెత్తాయి. నేటి అభిరుచిదారులు స్విచ్‌తో ఆగరు. స్విచ్‌లను పట్టే పలక అల్యూమినియందైతే అడుగు తాకిడి గట్టిగా, ధ్వని పదునుగా ఉంటుంది. పాలీకార్బొనేటుదైతే పలక కొంచెం వంగి దెబ్బను మింగుతుంది. పలకను పెట్టె అడుగుకు మరలతో బిగిస్తే మరల దగ్గర ఒక స్పర్శ, మధ్యలో మరొక స్పర్శ ఏర్పడతాయి. మెత్తని గాస్కెట్ల మధ్య నిలిపితే ఆ తేడా తగ్గుతుంది. పెట్టెలోని ఖాళీ తబలా గుల్లలా ధ్వనిని పెంచుతుంది, నురుగు పొర నింపితే అణుగుతుంది. స్పేస్‌బార్ కింది తీగ గలగలలాడకుండా గ్రీజు పూస్తారు. మందమైన పీబీటీ మీటతొడుగులు, పలచని ఏబీఎస్ తొడుగుల కన్నా లోతుగా మోగుతాయి. నాయిస్‌లెస్ టైపుమిషను తయారీదారులు అణచాలని చూసిన చప్పుడును ఇప్పుడు శ్రుతిచేస్తున్నారు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, మీట స్పర్శ, ధ్వనులు ఒకే భాగం నుంచి పుట్టవు. స్ప్రింగు, కాండం, పలక, పెట్టె, తొడుగు కలిసి వాటిని నిర్ణయిస్తాయి. రెండవది, అచ్చు పని మీట నుంచి తొలగిన నాటి నుంచి స్పర్శ ఒక నిర్ణయంగా మారింది. పాత అలవాటు, ఎత్తు ప్రమాణం, ధర, పేటెంటు గడువు ఆ నిర్ణయాన్ని వేర్వేరు దశల్లో నడిపించాయి. మూడవది, టైపుమిషను కాలంలో స్పష్టమైన స్పర్శ పనిలో భాగంగా ప్రతి టైపిస్టుకూ దక్కింది. ఇప్పుడది సొంత డబ్బు పెట్టి కొనుక్కోగలవారికి దక్కుతున్నది. రోజంతా మీటలు నొక్కే డేటా ఎంట్రీ ఉద్యోగి, డి.టి.పి. ఆపరేటరు చేతి కింద మాత్రం చవకైన రబ్బరు పరుపే మిగిలింది. రచనా సాధనాల చరిత్రను శ్రమ చరిత్రతో కలిపి చదవవలసిన అవసరాన్ని ఈ వ్యత్యాసం గుర్తుచేస్తుంది.